వియన్నా జూలో మా అత్తింటివారు

నేను చూడని ఊళ్లలో నాకు బాగా తెలిసిన ఊరు వియన్నా. అక్కడి జెయింట్ వీల్ పెట్టెలు ఎర్రగా ఉంటాయని, కుళాయి నీళ్లు అలాగే పట్టుకుని తాగొచ్చని, గుర్రబ్బండి తోలేవాడు గుండ్రటి నల్లటోపీ పెట్టుకుంటాడని, ట్రాములో చంటిపిల్లల బండి నిలబెట్టుకోవడానికి వేరే చోటు ఉంటుందని కళ్లు మూసుకుని చెప్పగలను. ఇవన్నీ దుబాయ్‌లో ఒక విల్లా వంటింట్లో, స్టూలు మీద కూర్చుని, ఒక్క ఎండాకాలంలో, కడుపు మండుతుండగా నేర్చుకున్నాను. కడుపు మండుతున్నప్పుడు నేర్చుకున్నది జన్మలో మరిచిపోం. మా బడిలో ఈ పద్ధతి పెట్టి ఉంటే నేను ఏడో తరగతి దాటేదాన్ని.

కరోనా తగ్గాక రెండో ఏడు అది. అరబ్బుల ఇల్లు. ఇంటావిడను మామా అనీ ఇంటాయన్ని బాబా అనీ పిలవడం ఇక్కడ పద్ధతి. మామా నాకంటే పన్నెండేళ్లు చిన్నది, అయినా మామాయే. ఆ ఇంట్లో మేం ఇద్దరం తెలుగువాళ్లం. నాది భీమవరం పక్కన పల్లె. రెండో ఆవిడది అమలాపురం అవతల లంక. అంటే నాది గోదారికి ఈ గట్టు, ఆవిడది ఆ గట్టు. మనసులో ఆవిడను తూర్పావిడ అనుకునేదాన్ని. పైకి మాత్రం వదినా అనేదాన్ని, ఆవిడా నన్ను వదినా అనేది. ఎవరు ఎవరికి వదినో మేం ఎప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకుంటే ఇద్దరిలో ఒకరు ఆడపడుచు అవ్వాలి, ఆ పదవి ఇద్దరికీ ఇష్టం లేదు.

వంట, గిన్నెలు ఆవిడవి. పాప నాది. నాది అని మామా ముందు అనలేం గానీ, పదో రోజునుంచి నా చేతుల్లో పెరిగిన పిల్లను ఇంకేమనాలి? అప్పటికి దానికి నాలుగో ఏడు. మామా అరబ్బీలో, టీవీ ఇంగ్లీషులో, నేను తెలుగులో మాట్లాడితే పాప మూడూ కలిపి పులిహోర చేసేది. "యల్లా, బువ్వ ఖలాస్" అందంటే అన్నం తినడం అయిపోయింది, ఇక పైకి పోదాం పద అని.

పైకి అంటే దాని గదిలోకి. అక్కడ దళసరి అట్టల జంతువుల పుస్తకం ఒకటుండేది. ఆ జంతువులకు అరబ్బీ పేర్లు నాకు రావు, ఇంగ్లీషు పేర్లు సగం రావు. కొన్నింటికి తెలుగులో పేరుందో లేదో కూడా తెలియదు. పిల్ల వేలు పెట్టి అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. నాకు బాగా తెలిసిన జంతువుల పేర్లు పెట్టాను. పొడుగు మెడ వేసుకుని పక్కింటి పొయ్యి మీద ఏముడుకుతోందో గోడ మీంచి చూసేది మా పెద్దాడపడుచు. నోరు తెరిచి ఆవలిస్తే లోపల బల్ల వేసుకుని కూర్చోవచ్చనిపించేది, అంటే నీటిగుర్రం, మా మావగారు. గులాబీ రంగులో ఉండి చీటికీ మాటికీ ఒంటికాలి మీద లేచే కొంగ మా అత్తగారు. నల్లకోట్లు తొడుక్కుని ఏదో లోటు వెతుకుతున్నట్టు నడిచే పెంగ్విన్లు మగపెళ్లివారు. చివరి పేజీలో నలుపూ తెలుపూ బొద్దుగా, కాళ్లు బారచాపుకుని, పొద్దస్తమానం తింటూ కూర్చునే పాండా మా ఆయన.

ఆ పేజీ దగ్గరకొస్తే పాప పుస్తకాన్ని ముద్దు పెట్టుకునేది. నేను మా ఆయన్ని అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు. ఈ పేర్లన్నీ తలుపేసుకుని పెట్టుకున్నవి. కింద తూర్పావిడ చెవిన పడితే వారం తిరక్కుండా కరామా పేటలో తెలుగువాళ్ల టిఫిన్ సెంటర్ దాకా, అక్కణ్ణించి ఫోన్లో మా అత్తగారి దాకా పోతాయని నా భయం.

ఇంతలో సెప్టెంబరులో పాపను బడిలో వేస్తామన్నారు. బడికి వెళ్లే పిల్లకు, ఇంత ఇంటికి, ఇద్దరు మనుషులు దండగ. ఒకరు ఇక్కడ ఉంటారు, ఒకరిని అల్ ఐన్ అనే ఊళ్లో మా అమ్మ ఇంటికి పంపిస్తాను, ఎవరిని అన్నది ప్రయాణం నుంచి వచ్చాక చెప్తాను అంది మామా. ప్రయాణం అంటే వియన్నా. ఈ దేశంలో ఎండ ముదిరితే ఉన్నవాళ్లు చల్లటి ఊళ్లకు పోతారు, మేం ఫ్రిజ్ తలుపు తెరుచుకుని నిలబడతాం. పాపను చూసుకోవడానికి వెంట ఒక మనిషిని తీసుకెళ్తారు. ఆ మనిషి నేనే అని నాకు అనుమానమే లేదు. ఉన్ని స్వెట్టరు కూడా కొన్నాను.

నా పాస్‌పోర్టు అడ్డం పడింది. దానికి ఇంకా మూడు నెలల ఆయుష్షే ఉందట, అలాంటి పాస్‌పోర్టుకు వీసా ఇవ్వరట. కొత్తది చేయించుకోమని మామా చలికాలం నుంచీ చెప్తూనే ఉంది. పాత ఫొటోలో నేను సన్నగా, పదేళ్ల కిందటి ముఖంతో ఉంటాను. కొత్తది తీయిస్తే ఇప్పటి ముఖం పడుతుంది. అందుకని రేపు మాపు అంటూ వాయిదా వేశాను. అందం కోసం యూరప్ పోగొట్టుకున్న మనిషిని నేనే అయ్యుంటాను. తూర్పావిడ పాస్‌పోర్టు కిందటేడే చేయించుకుంది. అందులో ఆవిడ ఎలా ఉంటుందో చూశాను గనక చెప్తున్నాను, వీసా ఇచ్చినవాళ్లు ధైర్యవంతులు.

వెళ్లే రోజున నా స్వెట్టరు ఆవిడే వేసుకుంది. నేనే ఇచ్చాను. ఇవ్వకపోతే కుళ్లుకుంటున్నానని అనుకుంటుందని.

మర్నాటినుంచి ఫొటోలు మొదలయ్యాయి. జెయింట్ వీల్ ముందు తూర్పావిడ. పడవలో తూర్పావిడ. రాజుగారి తోటలో, ఏ రాజుదో గానీ, పూలమడుల మధ్య నా స్వెట్టరులో తూర్పావిడ, చంకలో పాప. ఆవిడ వాయిస్ మెసేజీలు నిమిషాల కొద్దీ ఉండేవి. అక్కడ వాన పడుతుంటే మామా గొడుగు మూసేసి చేతులు చాపి తడిసిందట. లంకలో ఏటా మోకాలి లోతు నీళ్లలో వంట చేసుకున్న తూర్పావిడకు ఆ సంబరం అర్థం కాలేదట. వానలో తడవడానికి విమానం ఎక్కడమేంటి వదినా, చెప్తే మా ఇంటికే తీసుకెళ్లేదాన్ని కదా అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. ఈ ఇంట్లో జోకులు వేసేది నేను.

పిల్లల కోసమే కట్టిన మ్యూజియం ఉందట, అందులో పిల్లలకు రాజకుమారి గౌనులు తొడుగుతారట. పాప గౌను వేసుకున్న ఫొటో పంపింది. పాప నవ్వుతోంది. జుట్టుకు రెండు జడలు. నేను ఎప్పుడూ ఒక్కటే వేసేదాన్ని. ఆ రెండు జడలను చాలాసేపు చూశాను. పాపిడి వంకరగా తీసిందని కనిపెట్టాక కాస్త ఊరట కలిగింది.

ఆరో రోజు మధ్యాహ్నం, ఇస్త్రీ చేస్తుండగా, వీడియో కాల్ వచ్చింది. వెనక చెట్లు, జనం, ఎవరివో బుడగలు. ముందు తూర్పావిడ ముఖం, చెమటతో. దూరంగా పాప ఏడుపు.

"వదినా, నువ్వొకసారి చూడు. పాప ఏదో అంటంది, అదేంటని మామా నన్నడుగుతుంది, నాకేం చెప్పాలో తెలవట్లేదు."

"ఎక్కడున్నారు?"

"జూలో. పొద్దున్నుంచీ మీ ఇంట్లోవాళ్లందర్నీ తలుచుకుంటంది. మీ ఆడపడుచు వచ్చేసిందంట. మీ అత్తగారు నీళ్లలో నిలబడిందంట. సరే, నువ్వు చెప్పిన కబుర్లేమోలే అనుకున్నాను. ఇప్పుడేమో మా ఆయన కావాలి, మా ఆయన కావాలి అని కిందపడి దొర్లుతుంది. ఈ వయసులో దీనికి ఆయనేంటి వదినా?"

తెలుగు రాని మనిషై ఉంటే పుస్తకంలో బొమ్మలు వెతుక్కునేది. తూర్పావిడకు తెలుగు వచ్చు. అదే ఆవిడ కొంప ముంచింది. ఆడపడుచంటే ఆడపడుచనే అనుకుంది, ఎదురుగా జిరాఫీ నిలబడి ఉన్నా సరే.

ఇంతలో మామా ఫోను తీసుకుంది. నల్ల అబాయా, కళ్లద్దాలు నెత్తిమీద, ముఖంలో కంగారు. ఏం కావాలి దీనికి, నీ అత్తింటివాళ్లని ఎందుకు పిలుస్తోంది అని అడిగింది. నేను ఒక్క ముక్క అంటే సరిపోయేది. పాండా. అది అరబ్బీలోనూ పాండాయే, ఇంగ్లీషులోనూ పాండాయే. మూడు భాషల్లోనూ నాకు వచ్చిన ఏకైక జంతువు. అదే జూలో, ఏ మలుపులోనో, మా ఆయన వెదురు నములుతూ కూర్చుని ఉంటాడు. చూపిస్తే పాప నవ్వుతుంది, తూర్పావిడ చంకలో.

నేను గొంతు తగ్గించి, నాకొచ్చిన వంటింటి అరబ్బీలో, రోజూ మా ఇంటి కబుర్లు చెప్పి నిద్రపుచ్చుతాను మామా, వాళ్ల పేర్లు తలుచుకుంటోందంటే నా మీద బెంగ పెట్టుకుందన్నమాట అన్నాను. మామా చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. మిస్కీన, అంది. పాపం అని. జూ చూడడం మధ్యలోనే ఆపేసి, పాపను ఎత్తుకుని హోటలుకు వెళ్లిపోయారు.

ఆ పూట నేను ఎండు నెత్తళ్లు వేయించుకున్నాను. ఇంట్లో మనుషులుంటే ఆ వాసనకు ఒప్పుకోరు. పప్పుచారు పెట్టుకుని, వేయించిన నెత్తళ్లతో, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. వాళ్లు వెళ్లాక కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే. నా మీద బెంగ అన్న మాట ఎన్నిసార్లు అనుకున్నానో, సాయంత్రానికి అది అబద్ధమని నాకే గుర్తు లేదు.

మర్నాడు పొద్దున మామాయే ఫోన్ చేసింది. పాప పాలు తాగలేదు, రాత్రి నుంచీ ముభావంగా ఉంది, నీ ముఖం చూస్తే తేరుకుంటుందేమో మాట్లాడు అంది. తెర మీద పాప వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను ముఖమంతా నవ్వు చేసుకుని, బంగారూ, నేనేనమ్మా అన్నాను. పాప నన్ను చూసింది. నా వెనక చూసింది. తర్వాత అడిగింది.

"మా ఆయన ఏడి?"

నువ్వు ఎందుకు రాలేదు అనలేదు. ఎప్పుడొస్తావు అనలేదు. ఉన్నాడమ్మా, వస్తాడు అన్నాను. ఫోను పెట్టేసి చాలాసేపు ఒకే దుప్పటిని ఇస్త్రీ చేశాను. ఆడపడుచు మీద కుళ్లుకున్నాను, తూర్పావిడ మీద కుళ్లుకున్నాను. ఒక ఎలుగుబంటి మీద కుళ్లుకుంటానని మాత్రం అనుకోలేదు.

మధ్యాహ్నానికి దుప్పట్లన్నీ అయిపోయాయి. ఇక చెప్పేద్దామని తూర్పావిడకు నేనే కాల్ చేశాను. ఎత్తింది. వెనక జనం సందడి. నేను నోరు తెరిచేలోపు కెమెరా తిప్పింది. పెద్ద అద్దం, దానికి ముక్కు ఆనించి పాప. అద్దానికి అవతల, కాళ్లు బారచాపుకుని, నలుపూ తెలుపూ.

"పొద్దున నీతో మాట్లాడాక మళ్లీ ఏడుపు లంకించుకుంది వదినా. మరిపిద్దామని, వెంట తెచ్చిన జంతువుల పుస్తకం తీశాను. ఆఖరి పేజీలో వేలెట్టి చూపించింది, మా ఆయన అని." ఆవిడ కెమెరాను పాండా దగ్గరకు జరిపింది. "మీ ఆయన్ని ఫొటోలో చూశాను గనక నేనూ కాదనలేకపోయాను."

"మామాకి చెప్పావా?"

"ఏమని?"

"అదే. నిన్న నేనన్నది."

"పాపకి పాండా అంటే ఇష్టం, ఇంకోసారి జూకి తీసుకెళ్దాం అన్నాను. అంతే. మిగతాది నాకెందుకు?" అని, పాపను పిలిచి, "ఇదిగో, ఈవిడకి చెప్పు, ఆయన ఏం చేత్తన్నాడో" అంది.

"తింటన్నాడు," అంది పాప, అద్దం మీంచి ముఖం తిప్పకుండానే.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు గనక ఆవిడ మంచితనం మీద కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది. కుళ్లుకునే పని అప్పటికే నా దగ్గర చాలా ఉంది.

వాళ్లు వచ్చేసరికి ఆగస్టు ఆఖరు. కారు తలుపు తెరిస్తే పాప తూర్పావిడ భుజం మీద నిద్రపోతోంది. నాకు జెయింట్ వీల్ బొమ్మ ఉన్న అయస్కాంతం తెచ్చారు, ఫ్రిజ్‌కు అంటించుకోవడానికి. నాకు ఫ్రిజ్ లేదు. మామా ఫ్రిజ్‌కే అంటించి రోజూ చూసుకున్నాను. స్వెట్టరు ఉతికి, మడతపెట్టి తిరిగిచ్చింది తూర్పావిడ. దానికి వేరే ఊరి సబ్బు వాసన.

పాప లేచాక అన్నం తింటావా అని అడిగితే, "ఆయ్" అంది. ఔను అనడానికి తూర్పు లంకల్లో అనే మాట అది. మూడేళ్లు పెంచిన పిల్ల నోట్లో మూడు వారాల్లో ఆ గట్టు మాట. ఇక దీన్ని గోదారి దాటించేశారు అనుకున్నాను.

వారం తర్వాత మామా నన్ను హాల్లోకి పిలిచింది. కూర్చోమంది. కూర్చోమన్నారంటే మంచి కబురు కాదని ఈ దేశంలో ఎవరైనా చెప్తారు. చాలా ఆలోచించానంది. పాప నీకు మరీ అలవాటైపోయింది, అక్కడ అంత మంచి ఊళ్లో, నీ కోసం, నీవాళ్ల కోసం నేల మీద పడి దొర్లింది, ఇప్పుడు బడి మొదలవుతోంది, కొత్త టీచర్లతో కలవాలి, ఇలా బెంగపడితే ఎలా, మెల్లగా దూరం చెయ్యడమే మంచిది అంది. నీ తప్పేం లేదు, నీ ప్రేమే ఎక్కువైంది అని నా చెయ్యి పట్టుకుంది. అల్ ఐన్‌లో మా అమ్మ మంచిది, వారం వారం మేం వస్తూనే ఉంటాం అంది.

నా అబద్ధం వియన్నా అంతా తిరిగి, విమానమెక్కి, తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

వంటింట్లోకి వెళ్తే తూర్పావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. అంతా విందని ఆ తరగడంలోనే తెలుస్తోంది.

"చెప్పెయ్యనా వదినా?" అంది. "అది ఏడ్చింది పాండా కోసమని. నువ్వు అబద్ధమాడావని అననులే. నీకు ఫోన్లో సరిగ్గా ఇనబళ్లేదంటాను. మామా మనసు మార్చుకుంటే మార్చుకుంటది."

"మార్చుకుంటే అల్ ఐన్ నువ్వెళ్లాలి."

"ఎల్తాను. నాకు ఏ ఊరైనా గిన్నెలు గిన్నెలే."

ఆవిడ నిజంగానే అంది. కళ్లలోకి చూశాను. ఒక్క మాట చెప్పమంటే పాప దగ్గరే ఉండిపోయేదాన్నేమో. కానీ చెప్తే, ఆ పిల్ల నా కోసం ఏడవలేదని మామాకు తెలిసిపోతుంది. నాకు తెలుసు, తూర్పావిడకు తెలుసు. పాప నా కోసం దొర్లి దొర్లి ఏడ్చిందని ఈ భూమ్మీద నమ్ముతున్నది మామా ఒక్కతే. ఆ ఒక్క మనిషినీ పోగొట్టుకోలేకపోయాను.

"వద్దు," అన్నాను. ఉల్లిపాయలు పక్కనే ఉన్నాయి గనక కళ్లు తుడుచుకోవడానికి కారణం వెతుక్కోనక్కర్లేకపోయింది.

అల్ ఐన్‌లో ముసలమ్మ నిజంగానే మంచిది. చెవి వినబడదు గనక నా జోకులకు ముందే నవ్వేస్తుంది. ఇంటి వెనక ఖర్జూరం తోట. కొత్త పాస్‌పోర్టు చేయించుకున్నాను. అందులో నా ఇప్పటి ముఖం ఉంది, పదేళ్ల ఆయుష్షు ఉంది, ముద్ర మాత్రం ఒక్కటీ లేదు.

చలికాలం వచ్చాక ఒక వారాంతం మామావాళ్లు వచ్చినప్పుడు అందరం అల్ ఐన్ జూకి వెళ్లాం. పాప స్కూలు బ్యాగు లాంటి చిన్న సంచీ తగిలించుకుని, ఒక చెయ్యి నాకూ ఒక చెయ్యి తూర్పావిడకూ ఇచ్చి నడిచింది. పొడుగుమెడ కనపడగానే నేను పాప వైపు తిరిగాను. పాప తలెత్తి చూసి, "జిరాఫ్" అంది. టీచరు నేర్పిన ఇంగ్లీషు, ఎక్కడా తప్పులేదు. ఒంటికాలి కొంగ దగ్గర "ఫ్లెమింగో" అంది. మా అత్తింటివారు ఒక్కొక్కరే చేయిజారిపోతుంటే నేను అన్నింటికీ తలూపుతూ నడిచాను. అత్తింటివారు పోతున్నందుకు ఏడుపొచ్చిన కోడల్ని నేనే అయ్యుంటాను.

అంతా తిరిగి గేటు దాకా వచ్చేశాం. పాప ఆగి, వెనక్కి చూసి, నా కొంగు లాగింది.

"మా ఆయన ఏడి?"

ఆ జూలో పాండా లేదు. "మా ఆయన ఊళ్లో ఉన్నాడమ్మా," అన్నాను.

"లేడు," అంది పాప. "వియన్నాలో ఉన్నాడు. నేను చూశాను." ఈ గట్టుదానికి ఏమీ తెలియదన్నట్టు నన్ను చూసి, సాక్ష్యానికి తూర్పావిడ వైపు తిరిగింది. "కదా?"

"ఆయ్," అంది తూర్పావిడ, నవ్వు ఆపుకుంటూ.

ఇరవై ఏళ్ల కాపురంలో మా ఆయన నాకంటే ముందు ఎక్కడికీ వెళ్లి ఎరగడు, ఆఖరికి రేషన్ షాపుకి కూడా. యూరప్ మాత్రం నాకంటే ముందు చూసేశాడు. ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసి ఏం చేస్తున్నావు అంటే, తింటున్నాను అన్నాడు.

"ఎక్కడ, వియన్నాలోనా?" అని అడిగాను.